‘మా వంశం’ అని జపనీస్‌లో ఎలా అనాలి?

జపాన్‌లో మేలుజాతి కుక్కపిల్లను కొంటే దానితోపాటు ఒక కాగితం చేతికిస్తారు. దాని తల్లి ఎవరు, తండ్రి ఎవరు, తాతలు ఎవరు అన్నది అందులో రాసి ఉంటుంది. ఆ కాగితం పేరు ‘కెత్తోషో’. కెత్తో అంటే రక్తపు వరస, షో అంటే పత్రం. ఇప్పుడు నిఘంటువు తెరిచి ‘వంశం’ అనే మాటకు జపనీస్‌లో ఏముందో వెతకండి. దొరికే నాలుగైదు మాటల్లో ఈ కెత్తో కూడా ఉంటుంది. భాష నేర్చుకుంటున్న మనవాడు ఎవరైనా దాన్నే పట్టుకుని "మా కెత్తో చాలా పాతది" అన్నాడనుకోండి. ఎదుటివాళ్లకు అర్థం కాకపోదు. కానీ వాళ్ల కళ్లముందు పందెపు గుర్రమో, పెట్ షాపో మెదులుతుంది.

అసలు చెవికి ‘కెత్తో’ అని వినపడే మాట ఒక్కటే కాదు. రాత వేరుగా ఉన్నా పలకడం ఒకటే అయిన మాటలు కనీసం ఇంకో రెండున్నాయి. ఒకదానికి అర్థం ద్వంద్వ యుద్ధం. రెండోదానికి రక్తంలోని చక్కెర. ఆస్పత్రిలో కెత్తో అంటే షుగరే, వంశం ఎవరికీ తట్టదు.

జపనీస్‌లో మాటలు ఎక్కువ కావడం వల్ల వచ్చిన చిక్కు కాదిది. మన ‘వంశం’ ఒక్కటే చాలా బరువు మోస్తోంది. ‘వంశోద్ధారకుడు’ అంటే కొడుకు. ‘మా వంశంలోనే లేదు’ అంటే ఆచారం. ‘వంశపారంపర్యం’ అంటే ఒకచోట జబ్బు, ఇంకోచోట గుడి అర్చకత్వం. రక్తం, ఇల్లు, తరాల వరస, పోయిన పెద్దలు, అన్నీ ఒకే మూటలో కట్టేశాం. జపనీస్ ఈ మూట విప్పి దేనికది వేరుగా పెట్టుకుంది. రక్తం గురించి మాట్లాడితే ‘చి’ లేదా ‘కెత్సు’ అనే అక్షరం వస్తుంది. ఇంటి గురించి అయితే ‘ఇయె’ లేదా ‘క’. తరాల వరస అయితే ‘కే’. మూలపురుషుడైతే ‘సొ’. ఏ మాట వాడాలన్న ప్రశ్నకు ముందు ఇంకో ప్రశ్న వేసుకోవాలి: నేను దేని కొనసాగింపు గురించి చెబుతున్నాను, రక్తమా, ఇల్లా, వరసా?

ఒక సదుపాయం మనకు కలిసొచ్చింది. జపనీస్‌లో అచ్చు హ్రస్వమా దీర్ఘమా అన్నది అర్థాన్నే మార్చేస్తుంది. ఒ, ఓ, ఎ, ఏ నాలుగూ వేరువేరుగా రాసుకోగల లిపి మనది. అందుకే ఇక్కడ ‘సెన్జొ’ అని హ్రస్వంతో, ‘కెత్తో’ అని దీర్ఘంతో రాశాను. చదివేటప్పుడు అలాగే పలకండి.

పెద్దలు వేరు, పూర్వీకులు వేరు

ముందు సెన్జొ, సొసెన్. రెండింటిలోనూ ఉన్నవి అవే రెండు అక్షరాలు, తిరగేసి రాస్తారంతే. ‘సెన్’ అంటే ముందు, ‘సొ’ అంటే మూలపురుషుడు. నిఘంటువు రెండింటికీ ‘పూర్వీకులు’ అనే రాస్తుంది. వాడుకలో మాత్రం దారులు వేరు.

సెన్జొ మన ఇంటివాళ్లు. మనం ‘పెద్దలకు పెట్టుకోవడం’ అంటాం చూడండి, ఆ ‘పెద్దలు’ సరిగ్గా సెన్జొ. పెత్రమాసకు బియ్యం ఇచ్చేది, సంక్రాంతికి బట్టలు పెట్టేది ఎవరికో వాళ్లు. అందుకే ఈ మాటకు ముందూ వెనకా గౌరవం తగిలించి ‘గొసెన్జొసమ’ అంటారు. మామూలుగా జపనీస్‌లో సొంతవాళ్లకు గౌరవ వాచకం పెట్టకూడదు. బయటివాళ్ల ముందు మా నాన్నను ‘చిచి’ అనాలి, మీ నాన్నగారిని ‘ఒతోసన్’ అనాలి. పోయిన పెద్దల దగ్గర మాత్రం ఆ నియమం సడలుతుంది. మా ఇంటి పెద్దలైనా గొసెన్జొసమే. వాళ్లు సగం దేవుళ్లు కదా.

సొసెన్‌లో ఈ దగ్గరితనం లేదు. మానవజాతి పూర్వీకులు, పక్షుల పూర్వీకులు, జపనీయుల పూర్వీకులు ఎక్కడి నుంచి వచ్చారు, ఇలాంటి మాటలన్నీ సొసెన్‌తోనే. మ్యూజియం బోర్డు మీద, పాఠ్యపుస్తకంలో కనపడే మాట ఇది. సొసెన్‌కు దండం పెట్టుకునేవాళ్లు తక్కువ. "డైనోసార్లు పక్షులకు సెన్జొ" అంటే పిచ్చుక ఎవరో డైనోసార్‌కు తద్దినం పెడుతున్నట్టుంటుంది.

ఇంత శుభ్రంగా గీత గీస్తే భాష ఊరుకోదు. దూరపు పూర్వీకుల లక్షణం ఏదో ఒక తరంలో హఠాత్తుగా బయటపడటాన్ని జీవశాస్త్రంలో ‘సెన్జొగయెరి’ అంటారు, అక్కడ సొసెన్ రావాల్సింది, రాలేదు. అటువైపు, ఇంటి సమాధి, పూజా సామగ్రి ఎవరికి దక్కాలో చెప్పే పౌర స్మృతి 897వ అధికరణం ‘సొసెన్’ అని రాసింది. చట్టానికి కాస్త ఎడంగా నిలబడి మాట్లాడే అలవాటు కాబట్టి కావచ్చు. మాట్లాడేటప్పుడు మీరు చట్టాన్ని అనుకరించక్కర్లేదు. స్నేహితుడి ఇంట్లో బుత్సుదన్ (ఇంట్లోని చిన్న బౌద్ధ పూజామందిరం) ముందు కూర్చున్నప్పుడు నోట రావాల్సింది సెన్జొనే.

పోయినవాళ్లంతా వెంటనే సెన్జొ అయిపోరు. తాతగారు పోతే కొన్నేళ్లపాటు ఆయన తాతగారే. ఆయన పేరుతో ఇహై అనే చెక్క ఫలకం ఉంటుంది, ఏళ్ల లెక్కన కర్మలు జరుగుతాయి. 33వ ఏటి కర్మతో, కొన్నిచోట్ల 50వ దానితో, ఆ లెక్క ముగుస్తుంది. అక్కడి నుంచి ఆయన విడి మనిషి కాదు, గొసెన్జొసమ అనే గుంపులో ఒకరు. మన సపిండీకరణం తెలిసినవాళ్లకు ఇదేమీ వింతగా ఉండదు. మనవాళ్లు ఏడాదిలోపు ముగిస్తారు, వాళ్లు ఒక తరం ఆగుతారు.

ఆగస్టు నడుమ (టోక్యో లాంటి చోట్ల జులైలోనే) వచ్చే ఒబొన్‌కు ఈ పెద్దలంతా ఇంటికొస్తారు. వాళ్లకోసం దోసకాయకు పుల్లల కాళ్లు గుచ్చి గుర్రాన్ని, వంకాయకు గుచ్చి ఆవును చేస్తారు. రావడం గుర్రం మీద త్వరగా రావాలి, పోవడం ఆవు మీద నెమ్మదిగా పోవాలి.

షుగర్ ఉన్న ఇల్లు

‘మా వంశం’ అని తెలుగులో మామూలుగా అనే సందర్భాల్లో సగానికి పైగా సరిపోయే మాట ‘కకే’. ‘క’ ఇల్లు, ‘కే’ వరస. కే అక్షరంలో ఉన్నది దారం గుర్తు. ‘సంతానం’ కూడా సాగదీయడం అనే ధాతువు నుంచే వచ్చింది, తంతువుకూ అదే ధాతువు. తైత్తిరీయ ఉపనిషత్తులో గురువు శిష్యుడికి ‘ప్రజాతంతువును తెంచకు’ అని చెబుతాడు. వంశమేమో వెదురు, కణుపు మీద కణుపు. మొత్తానికి మనకూ వాళ్లకూ తరాలంటే పొడవుగా సాగే వస్తువే గుర్తొచ్చింది.

కకేకు ఇంట్లో పనికొచ్చే గుణం ఒకటుంది, అందులో గొప్ప చెప్పుకోవడం ఉండదు. "ఉచి వ తోన్యోబ్యో నొ కకే దె" అంటే "మాది షుగర్ ఉన్న వంశమండీ" అని. పొడుగువాళ్ల కకే, డాక్టర్ల కకే, జుట్టు త్వరగా రాలే కకే, ఏదైనా అనొచ్చు. వంశవృక్షం గీస్తే ‘కకేజు’, అంటే కకే బొమ్మ. డాక్టరు ఇంటి జబ్బుల గురించి అడిగి కాగితం మీద రాసుకునేది ‘కజొకురెకి’, కుటుంబ చరిత్ర. ఇక్కడా ఒక పిడకల వేట ఉంది: ఇంటి ఖర్చుల లెక్కనూ ‘కకే’ అనే పలుకుతారు. "మా కకే బాగాలేదు" అంటే నెలాఖరు కష్టమని వాళ్లకు అర్థమైతే తప్పు వాళ్లది కాదు.

రక్తం మాటలు ఇంతకన్నా వేడిగా ఉంటాయి. ‘చిసుజి’ అంటే రక్తపు పోగు. తాత పాడేవాడు, తల్లి పాడేది, ఈ పిల్ల కూడా పాడుతోంది అన్నప్పుడు చిసుజి అంటారు. ‘చి వ అరసొఎనై’ అంటే రక్తంతో పోట్లాడి గెలవలేం అని, మనం ‘ఎక్కడికి పోతుంది ఆ రక్తం’ అన్నట్టు. అదే చిసుజి పెళ్లి మాటల్లోకి దిగితే విషం ఎక్కుతుంది, దాని సంగతి కింద చూద్దాం. కెత్తో జంతువులకు, రాజులకు, చరిత్ర పుస్తకాలకు బాగుంటుంది, పక్కింటాయనకు బాగుండదు. విచిత్రమేమిటంటే, నటుల ఇంట పుట్టిన నటుణ్నీ, మంత్రుల ఇంట పుట్టిన నాయకుణ్నీ పత్రికలు ‘సరబురెద్దొ’ అని రాస్తాయి. మేలుజాతి పందెపు గుర్రానికి ఇంగ్లిషువాళ్లు పెట్టుకున్న పేరే అది. కుక్క కాగితం మాట మనిషికి వాడితే మొరటు, గుర్రం జాతి పేరు వాడితే పొగడ్త!

సామెతల దగ్గరా ఇలాంటి గోతులే. ‘కప్ప బిడ్డ కప్పే’ అనే సామెత తండ్రి లాంటి కొడుకు గురించి. వినడానికి ముద్దుగానే ఉంటుంది, మెచ్చుకోలు అనుకుని పై అధికారి కొడుకు గురించి అన్నారో, ‘మీరూ కప్ప, వాడూ కప్ప’ అన్నట్టు లెక్క. మన పిల్లల గురించి మనం తగ్గించి చెప్పుకోవడానికే అది. ‘గుమ్మడి జాతి తీగకు వంకాయ కాయదు’ అనేది మన ‘విత్తొకటి వేస్తే చెట్టొకటి మొలుస్తుందా’కు అన్నదమ్ముడు. ‘ఉజి యొరి సొదచి’ అంటే వంశం కన్నా పెంపకం ముఖ్యమని, మనవాళ్లు ‘కులం కన్నా గుణం ప్రధానం’ అంటారు. ఇక కూతురు ఎవరినో ప్రేమించానని చెప్పినప్పుడు తండ్రి కోపంగా అనే మాట ‘దొకొ నొ ఉమ నొ హొనె’, వాడెక్కడి గుర్రపు ఎముక? ఊరూ పేరూ తెలియనివాడని తిట్టు.

ఇల్లు నిలవాలి, రక్తం సంగతి తర్వాత

ఒక తెలుగు పాఠకుడికి ఇక్కడే అసలైన తేడా కనపడుతుంది. సంప్రదాయంగా జపాన్‌లో కొనసాగాల్సింది ‘ఇయె’, ఇల్లు. ఆ అక్షరం పైకప్పు కింద పంది ఉన్న బొమ్మ, సంసారమంటే పశువూ పంటా కలిసిందే కదా. పేరు, వ్యాపారం, వృత్తి, సమాధి, పెద్దలకు చేయాల్సిన పూజ, ఇవన్నీ ఇయె. పెద్ద కొడుకు నిలబెట్టే ప్రధాన గృహం ‘హొన్కె’, తమ్ముళ్లు విడిపోయి పెట్టుకున్నవి ‘బున్కె’. ఈ ఇల్లు నిలవడానికి రక్తమే అక్కర్లేదు. కొడుకులు లేకపోతే అల్లుణ్ని దత్తత తీసుకుంటారు. అతను ‘ముకొయోషి’. ముకొ అంటే అల్లుడు, యోషి అంటే దత్తుడు. మన ఇల్లరికపు అల్లుడు మామగారింట్లో ఉంటాడు కానీ ఇంటిపేరు మార్చుకోడు, నలుగురిలో కాస్త చులకన కూడా. ముకొయోషి చట్టప్రకారం కొడుకే, పేరూ మారుతుంది, ఇంటి యజమానీ అవుతాడు.

మన రోడ్ల మీదే దీనికి ఉదాహరణ తిరుగుతోంది. మారుతి కార్ల మీద ఉండే సుజుకి పేరు హమమత్సు పట్టణంలో 1909లో మగ్గాలు తయారుచేసే కార్ఖానా పెట్టిన మిచిఒ సుజుకిది. ఆ కంపెనీని దశాబ్దాలపాటు నడిపి, 1982లో మారుతితో చేతులు కలిపిన ఒసము సుజుకి పుట్టినప్పుడు సుజుకి కాదు. 1930లో గిఫు ప్రాంతంలో మత్సుద అనే ఇంటిపేరుతో పుట్టాడు. బ్యాంకులో పనిచేస్తుండగా మిచిఒ మనవరాలిని పెళ్లాడి, ముకొయోషిగా సుజుకి అయ్యాడు, 1958లో కంపెనీలో చేరాడు. 2024 డిసెంబర్‌లో కన్నుమూసిన ఆయనకు మరుసటి నెలలో భారత ప్రభుత్వం పద్మవిభూషణ్ ప్రకటించింది. ఆయన సుజుకి ‘కెత్తో’ కాదు. సుజుకి ‘ఇయె’.

కళల్లో ఇది ఇంకా స్పష్టం. కబుకి నాటకరంగంలో ఇచికవ దన్‌జూరో అనేది ఒక మనిషి పేరు కాదు, తరం నుంచి తరానికి కట్టబెట్టే పేరు. అలా పేరు స్వీకరించడాన్ని ‘షూమే’ అంటారు. 2022 నవంబర్‌లో ఆ పేరు అందుకున్నాయన ‘జూసన్ దైమె’, పదమూడో తరంవాడు. మరి పదమూడు తరాల రక్తమా? కాదు. తొమ్మిదో దన్‌జూరో కూతుర్ని పెళ్లాడిన అల్లుడు బ్యాంకు ఉద్యోగం నుంచి వచ్చినవాడు, చనిపోయాక ఆయనకు పదో దన్‌జూరో అనే పేరిచ్చారు. పదకొండోవాడు ఇంకో నటుల ఇంటి నుంచి దత్తత వచ్చాడు. దైమె లెక్క ఎక్కడా తెగలేదు. కాబట్టి ఎవరైనా "మాది పదిహేనో దైమె మిఠాయి కొట్టు" అంటే, పదిహేను తరాల తండ్రీకొడుకులని అనుకోకండి. పదిహేనుగురు యజమానులని అర్థం.

ఇంటికి ఇంత పట్టింపులేని రక్తం, ఒకేఒక్క ఇంట్లో మాత్రం రాజ్యాంగ స్థాయి విషయం. చక్రవర్తి వంశం కొనసాగింపును ‘కోతో’ అంటారు. 1889 నాటి మేజీ రాజ్యాంగం మొదటి అధికరణంలోనే ‘బన్సే ఇక్కే’ అనే మాట ఉంది, యుగయుగాలుగా ఒకే వరస అని. ఈ ఇంటికి ఇంటిపేరు లేదు. మామూలు పౌరులకుండే కుటుంబ రిజిస్టరు లేదు, బదులుగా ‘కోతోఫు’ అనే ప్రత్యేక పుస్తకం ఉంది. 1947 నాటి చక్రవర్తి కుటుంబ చట్టం ప్రకారం సింహాసనం ‘దన్కే’ మగవాళ్లకే. దన్కే అంటే మగ వరస, తండ్రి వైపు నుంచి కలిసేది. ‘జొకే’ అంటే ఆడ వరస.

వార్తల్లో జనం ఎక్కువగా తికమకపడేది ఇక్కడే. ‘జొసే తెన్నో’ అంటే ఆడ చక్రవర్తి. ‘జొకే తెన్నో’ అంటే తల్లి వైపు నుంచి మాత్రమే చక్రవర్తి వంశానికి చెందే చక్రవర్తి, ఆడైనా మగైనా సరే. ఇప్పటి చక్రవర్తి నరుహితొ లెక్కలో 126వవారు, ఆయనకు ఒక్కతే కూతురు, ఐకొ. చట్టం మారి ఆమె సింహాసనం ఎక్కితే ఆమె జొసే తెన్నో. అయినా తండ్రి చక్రవర్తే కాబట్టి ఆమె దన్కే. బయటి కుటుంబంవాణ్ని పెళ్లాడితే పుట్టే కొడుకు మగవాడైనా జొకే. చరిత్రలో ఎనిమిది మంది ఆడవాళ్లు సింహాసనం మీద కూర్చున్నారు. ఇద్దరు రెండేసిసార్లు ఎక్కారు కాబట్టి పది పాలనలు. ఎనిమిది మందీ దన్కేనే. అందుకే ‘ఆడ చక్రవర్తికి ఒప్పుకుంటాను, ఆడ వరసకు ఒప్పుకోను’ అని వాదించే రాజకీయ నాయకుడు తిక్కగా మాట్లాడుతున్నట్టు మనకు అనిపించినా, ఆయన ఒక అక్షరాన్ని పట్టుకుని వేలాడుతున్నాడు. ‘సే’ ఒప్పు, ‘కే’ తప్పు.

ఒకే ఇంటిపేరైతే అన్నదమ్ములా?

కాదు. మనకు ఇంటిపేరు కలిస్తే చాలు, అన్నాచెల్లెళ్ల వరసేమో అని పెళ్లి సంబంధం దగ్గర ఆగిపోతాం. జపాన్‌లో సుజుకికీ సుజుకికీ ఏ సంబంధమూ ఉండనక్కర్లేదు, పెళ్లికి అడ్డమూ లేదు. గోత్రం లాంటిది లేదు.

ఇంటిపేరును ‘మ్యోజి’ అంటారు, రాసే ఒక పద్ధతిలో అందులో నారు అనే అక్షరం ఉంటుంది. తనక అంటే పొలం నడుమ, యమమొతొ అంటే కొండ అడుగు. మన ఊరిపేర్ల ఇంటిపేర్లలాగే నేలకు అంటుకున్నవి. ఎదొ కాలంలో (1603–1868 మధ్య, తొకుగవ ఇంటి పాలనలో) మామూలు జనం అధికారికంగా ఇంటిపేరు వాడటానికి లేదు. 1870లో వాడుకోవచ్చన్నారు, 1875లో వాడి తీరాలన్నారు. ఉన్న పేరు బయటపెట్టినవాళ్లు ఉన్నారు, కొత్తగా పెట్టుకున్నవాళ్లూ ఉన్నారు. అంతకుముందు పెద్దింటివాళ్లకు ‘ఉజి’ అనే గణనామం వేరే ఉండేది: మినమొతొ, తైర, ఫుజివర, తచిబన. ఆ పాలనకు మూలపురుషుడైన తొకుగవ ఇయెయసు ఇంటిపేరు తొకుగవ. కానీ ఆయన తనను మినమొతొ వంశీకుడిగా చెప్పుకున్నాడు. ఆ కాలంలో పైకొచ్చినవాళ్లు వంశవృక్షాలు రాయించుకోవడం మామూలే. ‘కేజుకై’, అంటే వంశవృక్షం కొనుక్కోవడం అనే మాటే పుట్టింది.

పెళ్లయితే దంపతులిద్దరికీ ఒకే ఇంటిపేరు ఉండాలని పౌర స్మృతి 750వ అధికరణం చెబుతుంది. ఎవరిదైనా ఎంచుకోవచ్చు, కానీ దాదాపు 95 శాతం భర్త పేరే తీసుకుంటున్నారు. కాబట్టి నాలుగు తరాలు వెనక్కి వెళ్తే మ్యోజి మీకు చెప్పేది చాలా తక్కువ.

మేనమామకు మాట లేదు

వావివరసల్లో మన గొప్పతనం జపనీస్ నేర్చుకుంటే గానీ తెలియదు. పెదనాన్న, బాబాయి, మేనమామ, మావయ్య, పెద్దమ్మ మొగుడు, అందరూ ‘ఒజి’. రాసేటప్పుడు రెండు రకాలు: అమ్మకో నాన్నకో అన్నయితే ఒక అక్షరం, తమ్ముడైతే ఇంకొకటి. పలకడం ఒకటే. తల్లి వైపా తండ్రి వైపా అన్నది అక్షరంలోనూ ఉండదు. మేనమామ అని చెప్పాలంటే ‘హహకత నొ ఒజి’, తల్లివైపు ఒజి. తండ్రివైపైతే ‘చిచికత’. ఈ రెండు మాటలు కంఠస్థం చేసుకోండి, మన కుటుంబాల గురించి చెప్పాలంటే రోజూ కావాలి.

మేనమామ, మేనత్తల పిల్లలైన బావ, మరదలు, పెదనాన్న, బాబాయిల పిల్లలైన అన్న, చెల్లి, అందరూ ‘ఇతొకొ’. మన బుర్రకు ఇది మింగుడుపడదు. బావ వేరు, పెదనాన్న కొడుకు వేరు అని వాళ్లకు వివరించబోతే చూపు మనమీద నిలిచిపోతుంది. చట్టం దగ్గర లెక్క ‘షిన్తో’లో, అంటే బంధుత్వపు మెట్లలో, ఉంటుంది: తల్లిదండ్రులు ఒకటి, తోబుట్టువులు రెండు, ఒజి మూడు, ఇతొకొ నాలుగు. మూడు దాకా రక్తసంబంధీకుల మధ్య పెళ్లి కుదరదు. అంటే బావామరదళ్ల పెళ్లికి అభ్యంతరం లేదు, మేనమామతో పెళ్లి కుదరదు. మన అమ్మమ్మల కాలపు మేనరికాల్లో ఒక సగం జపాన్ చట్టానికి ఒప్పు, ఒక సగం తప్పు.

బంధువులు అనడానికి మామూలు మాట ‘షిన్సెకి’. ‘షిన్జొకు’ చట్టపు మాట: ఆరు షిన్తోల దాకా రక్తసంబంధీకులు, భార్య లేదా భర్త, మూడు షిన్తోల దాకా పెళ్లి వల్ల వచ్చిన చుట్టాలు. ‘మియుచి’ అంటే మనవాళ్లు, లోపలివాళ్లు. పెళ్లి వల్ల కలిసినవాళ్లలో వియ్యంకులకు మాత్రం జాగా లేదు. కూతురి అత్తమామలు చట్టం లెక్కలో చుట్టాలే కారు, నిత్య వాడుకలో వాళ్లకో పేరూ లేదు. అల్లుడి నాన్నగారు అని చుట్టుతిప్పి చెప్పుకోవాల్సిందే. తోడల్లుడికి ‘ఐముకొ’ అని పాతమాట ఒకటుంది, అదీ ఇప్పుడు పెద్దగా వినపడదు.

కిందికి దిగితే మాత్రం వాళ్లే గెలుస్తారు. మనవడు ‘మగొ’, మునిమనవడు ‘హిమగొ’, ఇనిమనవడు ‘యషగొ’. అక్కడితో మనం ఆగుతాం. చైనా నుంచి వచ్చిన పాత లెక్కలో ఆ తర్వాత రైసొన్, కొన్సొన్, జోసొన్, చివర్న ఎనిమిదో తరానికి ‘ఉన్సొన్’. ఉన్ అంటే మేఘం. కంటికి ఆనని మనవడు.

అడగకూడని ప్రశ్న

కొత్తగా పరిచయమైన మనిషిని "గొషుష్షిన్ వ దొచిర దెసు క" అని హాయిగా అడగొచ్చు. మీదే ఊరు అని. ‘షుష్షిన్’ నేలకు, బడికి సంబంధించిన మాట. ‘మీ ఇయెగర ఏమిటి’ అనకూడదు. ఇయెగర అంటే ఇంటి అంతస్తు. పాతకాలపు పెళ్లి చూపుల వాసన వేసే మాట. ‘షుత్సుజి’ అంటే పుట్టుపూర్వోత్తరాలు, పరిశోధకుల మాట, మనిషి ముఖం మీద అడిగేది కాదు.

కారణం మర్యాద ఒక్కటే కాదు. ఎదొ కాలంలో కొన్ని సమూహాలను అంటరానివాళ్లుగా చూశారు. చర్మాల పని, కళేబరాల పని వాళ్ల మీద పెట్టి వేరే వాడల్లో ఉంచారు. 1871లో ఆ హోదాలు రద్దయ్యాయి. 1872లో దేశమంతా మొదలుపెట్టిన కుటుంబ రిజిస్టర్లలో మాత్రం కొన్నిచోట్ల పాత హోదా గుర్తులు దూరాయి. ఆ వాడల వారసులను ‘బురకు’వాళ్లని పెళ్లిళ్లలో, ఉద్యోగాల్లో వెతికి పక్కనపెట్టడం ఇరవయ్యో శతాబ్దమంతా సాగింది. రిజిస్టర్లు తిరగేయడమే అందుకు ఆయుధం. అందుకే 1872 నాటి ఆ రిజిస్టర్లను 1968 నుంచి ఎవరికీ చూపించడం లేదు. బురకు వివక్షను తొలగించేందుకు ప్రత్యేక చట్టం 2016లో వచ్చింది. ఉద్యోగ ఇంటర్వ్యూలో ఇంటివాళ్ల వృత్తులు, మూల చిరునామా అడగొద్దని ప్రభుత్వం కంపెనీలకు చెబుతుంది. ఇంటిపేరు అడిగి కులం కూపీ లాగే అలవాటు మన ఊళ్లలో తెలిసినవాళ్లకు ఇంతకన్నా వివరించక్కర్లేదు.

సొంత మూలాలు వెతుక్కోవడానికి అడ్డేమీ లేదు. ‘కొసెకి’ అనే కుటుంబ రిజిస్టరు ఉంది. మూసేసిన పాత రిజిస్టర్లను 150 ఏళ్లు దాచాలని 2010 నుంచి నియమం, అంతకుముందు 80 ఏళ్లే. 2024 మార్చి నుంచి దగ్గర్లోని ఏ మున్సిపల్ ఆఫీసుకు వెళ్లినా దేశంలో ఎక్కడున్న కొసెకినైనా తీయించుకోవచ్చు. అయితే కౌంటర్ దగ్గర ఒక మాట తెలిసుండాలి, ‘చొక్కే’. నేరు వరస: తల్లిదండ్రులు, తాతలు, పిల్లలు, మనవలు. అన్నదమ్ములు, ఒజిలు ‘బోకే’, పక్క వరస, వాళ్లవి ఈ పద్ధతిలో ఇవ్వరు. కొసెకి దాటి వెనక్కి వెళ్లాలంటే ఇంటి గుడిలో ఉండే ‘కకొచో’, చనిపోయినవాళ్ల చిట్టా, పూజారి చూపిస్తే.

దేశం దాటినవాళ్లకు ‘కే’ మళ్లీ పనికొస్తుంది. జపాన్ నుంచి వెళ్లి హవాయిలో, 1908 నుంచి బ్రెజిల్‌లో స్థిరపడ్డవాళ్ల సంతతి ‘నిక్కే’. వెళ్లినవాళ్లు ఇస్సే, వాళ్ల పిల్లలు నిసే, మనవలు సన్సే. డల్లాస్‌లో పుట్టిన తెలుగు అమ్మాయి టోక్యోలో తన గురించి చెప్పుకోవాలంటే ‘ఇందొకే అమెరికజిన్’. ‘ఇందొజిన్’ అంటే పాస్‌పోర్టు భారతదేశానిదని అనుకుంటారు. నాకైతే ఇంకా తేలిక దారి నచ్చుతుంది: "ర్యోషిన్ వ ఇందొ షుష్షిన్ దెసు", మా అమ్మానాన్నలది ఇండియా. రక్తం, ఇల్లు, వరస, ఏదీ ఎత్తకుండా పని అయిపోతుంది. ఇక ‘రూత్సు’ అని ఇంగ్లిషు నుంచి తెచ్చుకున్న మాట కూడా ఇప్పుడు బాగా నలుగుతోంది, ఏ పాత బరువూ లేదు కాబట్టి.

జపాన్ శ్మశానాల్లో రాళ్ల మీద తరచూ కనపడే రాతల్లో ఒకటి ‘ఫలానా ఇంటి సెన్జొ దైదై నొ హక’, తరతరాల పెద్దల సమాధి అని. రాయి మీద ఒకే ఇంటిపేరు ఉంటుంది, ఆ ఇంట్లోకి వచ్చినవాళ్లంతా, కోడలైనా ముకొయోషి అయినా, దాని కిందికే చేరతారు. ఇప్పుడు ఒక్కొక్క బిడ్డే ఉన్న ఇళ్లు పెరిగాయి. ఒక్కతే కూతురు, ఒక్కడే కొడుకు పెళ్లి చేసుకుంటే రెండిళ్ల పెద్దలూ వాళ్లమీదే పడతారు. అలాంటివాళ్లు రెండు సమాధులను కలిపి ఒక రాయి నాటిస్తున్నారు. దాన్ని ‘ర్యోకెబక’ అంటారు, రెండిళ్ల సమాధి. రాతి మీద భార్య పుట్టింటి పేరు ఒక పక్క, భర్త ఇంటి పేరు ఒక పక్క చెక్కిస్తారు. కొందరు ఏ పేరూ పెట్టకుండా ‘అరిగతో’ అని మాత్రం చెక్కించి ఊరుకుంటున్నారు.